తోట మనది... కంచె ఊరిది!

గాలి ఇటు తిరిగితే చాక్లెట్ వాసన వస్తుంది. మందు వాసన మాత్రం రాదు. ఇంగ్లండ్‌లో పబ్ లేని పేట ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, బర్మింగ్‌హామ్ నడిబొడ్డుకు నాలుగు మైళ్ల దూరంలోని బోర్న్‌విల్ అలాంటిదే. మనకు ఆ పేరు చాక్లెట్ రేపర్ మీదే తెలుసు. అక్కడుండేవాళ్లకు అదో పచ్చిక మైదానం, చుట్టూ ఎర్ర ఇటుక ఇళ్లు, బడి గోపురం మీద 48 గంటలు.

అక్కడో ఇల్లు కొనుక్కోవాలని ఒక తెలుగు జంట ముచ్చటపడింది. ఆయనది తెనాలి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెది నల్గొండ, ఆస్పత్రిలో డాక్టర్. ఆరేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాక కొన్ని పౌండ్లు వెనకేశారు. ఇక సొంత గూడు ఉండాలనుకున్నారు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్నారు మన పెద్దలు. కొని చూడమనే మాట ఇంగ్లండ్ వెళ్లొచ్చినవాళ్లెవరైనా కలిపి ఉండాల్సింది!

మన దగ్గరైతే బేరం కుదరగానే అడ్వాన్సు చేతిలో పెడతారు, అగ్రిమెంటు రాసుకుంటారు. ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోతారు. అక్కడ ఏజెంటు నవ్వుతూ ‘మీ ఆఫర్ ఒప్పుకున్నారు’ అంటాడు. అంతే. అది మాటే తప్ప కట్టుబాటు కాదు. మధ్యలో సర్వేయరు వచ్చి గోడల్లో చెమ్మ చూస్తాడు, లాయరు పాత కాగితాలు తవ్వుతాడు, బ్యాంకు లెక్కలేసుకుంటుంది. అమ్మేవాళ్లకు వేరే ఇల్లు దొరకాలి, ఆ ఇంటివాళ్లకు మరోటి దొరకాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా అందరూ ఆగిపోవాల్సిందే. ఒప్పందాలు ఇచ్చిపుచ్చుకుని, సాధారణంగా పదో వంతు డబ్బు కట్టినప్పుడే బేరం గట్టిపడుతుంది. అప్పటిదాకా అమ్మేవాళ్లు మాట తప్పినా అడిగే దిక్కులేదు. ఎవరో ఇంకాస్త ఎక్కువిస్తామంటే అటు మొగ్గడానికి వాళ్లు ‘గజంపింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ జంటకు మొదటి ఇల్లు అలాగే చేజారింది. రెండు నెలలు తిరిగాక అమ్మేవాళ్లు వేరే వాళ్లకిచ్చేశారు. సర్వేకూ లాయరుకూ పెట్టిన ఖర్చు గోడకు కొట్టిన సున్నమే. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

రెండోది బోర్న్‌విల్‌లో దొరికింది. ప్రకటనలో ‘దక్షిణముఖం తోట’ అని గొప్పగా రాశారు. ఫోన్లో ఆ మాట వినగానే తెనాలిలో నాన్నగారి గుండె జారింది.

“దక్షిణమా! వద్దురా అబ్బాయ్.”

“తోట దక్షిణం నాన్నా. తోట వెనక ఉంటుంది. అంటే ఇల్లు ఉత్తరముఖం.”

ఎండ కోసం మొహం వాచిపోయే దేశం కాబట్టి అక్కడ దక్షిణం తోటకు గిరాకీ. పాపం, మన వాస్తు సంగతి ఆ ఏజెంటుకేం తెలుసు! మొత్తానికి పెద్దాయన శాంతించారు.

అసలు పేచీ లాయరు పంపిన కాగితాల్లో ఉంది. ఇల్లు మీదే, నేల కూడా మీదే. కానీ వీధివైపు కిటికీలు మార్చాలన్నా, ముందు గది పెంచాలన్నా, చెట్టు కొట్టాలన్నా, పొదల కంచె తీసి కారుకు చోటు చేసుకోవాలన్నా ట్రస్టు అనుమతి కావాలి. ఆ ఏర్పాటు నిర్వహణకు ఏటా రుసుమూ కట్టాలి. “లక్షల పౌండ్లు పోసి కొనుక్కుని, మన ఇంటికి మనమే దరఖాస్తు పెట్టుకోవాలా?” అందామె. ఆమె కోపం అన్యాయమేమీ కాదు. నైట్ డ్యూటీ చేసొచ్చే మనిషికి గుమ్మం ముందు కారు ఆపుకోవడం విలాసం కాదు కదా.

ఈ నిబంధనల వెనక నూరేళ్లు దాటిన కథ ఉంది. ఇరుకు నగరంలోని ఫ్యాక్టరీని 1879లో క్యాడ్‌బరీ సోదరులు ఇక్కడి పొలాల్లోకి మార్చారు. 1893లో జార్జ్ క్యాడ్‌బరీ మరో 120 ఎకరాలు కొని, 1895లో ఇళ్లు మొదలెట్టాడు. తన కార్మికుల కోసమే కాదు, ఎవరైనా ఉండొచ్చన్నాడు. స్థలంలో నాలుగో వంతుకు మించి ఇల్లు ఉండకూడదు, మిగతాదంతా తోట. పళ్ల చెట్లు కూడా నాటించి ఇచ్చేవాడు. క్వేకర్ మతస్థుడు కనుక పబ్బుకు చోటివ్వలేదు. సెల్లీ ఓక్‌లోని ఆయన పాత ఇల్లు వుడ్‌బ్రూక్ 1903లో క్వేకర్ల విద్యాకేంద్రమైంది. 1931లో గాంధీజీ వెళ్లింది అక్కడికే.

జార్జ్ తొలి ఇళ్లను 999 ఏళ్ల లీజు మీద, అయిన ఖర్చుకే అమ్మాడు. కొన్నవాళ్లలో కొందరు లాభం చూసుకుని మళ్లీ అమ్మేసుకున్నారు. పేదవాడి కోసం కట్టినది బేరగాడి పాలవుతోందని 1900లో 330 ఎకరాలు, 313 ఇళ్లు ట్రస్టుకు రాసిచ్చేశాడు. ఆ తర్వాత ట్రస్టు ఇళ్లను అద్దెకు ఇచ్చింది. 1967లో చట్టం మారి, లీజు ఇళ్లవాళ్లు నేలను కూడా కొనుక్కునే హక్కు వచ్చింది. పేట రూపం చెడకుండా ఉమ్మడి నిబంధనలు పెట్టుకునే వెసులుబాటు కూడా ఆ చట్టంలోనే ఉంది. ట్రస్టు అద్దె ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ అమ్మకానికొచ్చే ఇంటిని ఫ్యాక్టరీ కూలీ జీతంతో కొనడం ఈ రోజుల్లో కలే. ఇళ్ల అందం కాపాడినంత తేలిగ్గా వాటి ధరను కాపాడలేకపోయారు. జార్జ్ భయపడిందే చివరకు జరిగింది.

ఆ అందానికీ ఈ నిబంధనలకూ ముడి ఎక్కడుందో ఆ జంటకు పక్క పేటలో నడిచినప్పుడు తెలిసింది. అక్కడా అవే ఇటుకలు, అదే కాలపు ఇళ్లు. ఇంటి ముందరి తోటలన్నీ సిమెంటు పలకలైపోయాయి. ఎవరి కారుకు వాళ్లు చోటు చేసుకున్నారు. వీధంతా పార్కింగులా ఉంది. “మనం కంచె తీస్తే ఎదురింటాయనా తీస్తాడు” అన్నాడాయన. ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు.

చివరికి రైలు తెగ్గొట్టింది వాదాన్ని. బోర్న్‌విల్ స్టేషన్ నుంచి ఆమె పనిచేసే ఆస్పత్రి పక్కనున్న యూనివర్సిటీ స్టేషన్ రెండో స్టాపే. రెండో కారు అమ్మేశారు. ఉన్న ఒక్కటీ వీధిలోనే ఉంటుంది. సంతకాలయ్యాయి, తాళాలొచ్చాయి. టివిడేల్ బాలాజీ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చి, ఎలక్ట్రిక్ స్టవ్ మీదే పాలు పొంగించారు. పొగ అలారం మోగితే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకున్నారు కూడా!

వేసవిలో తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. పెద్దాయన పొద్దున్నే కత్తెర పట్టుకుని కంచె ముందు నిలబడ్డారు.

“ఇది కత్తిరించడానికీ అనుమతి కావాలటమ్మా?”

“కత్తిరించకపోతేనే గొడవ మామయ్యగారూ.”

ఆయన గట్టిగా నవ్వారు. పెరట్లో పాత యాపిల్ చెట్టుంది. తినే రకం కాదు, వంటలో వాడే బ్రామ్లీ. కొరికితే పళ్లు పులిసిపోతాయి. అత్తగారు నాలుగు కోయించి, చెక్కు తీసి, కందిపప్పులో వేసి ఉడికించారు. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. మామిడికాయ పప్పుకు ఏమాత్రం తీసిపోలేదని తేల్చారు. పెద్దాయన రెండోసారి వేయించుకున్నారు. ఓ గిన్నెడు పక్కింటి ముసలావిడకూ వెళ్లింది. మర్నాడు ఆవిడ ఖాళీ గిన్నె ఇవ్వలేదు... నిండా యాపిళ్లు వేసి కంచె మీదుగా అందించింది.