తప్తపాణి దారిలో దొరికిన తేడా

బరంపురం నుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే తప్తపాణి వస్తుంది. చుట్టూ కొండలు, అడవి. మధ్యలో గంధకం వాసనతో వేడినీటి గుండం, పక్కనే కంధుణీ దేవి గుడి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటినుంచీ ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. చలికాలం రాగానే ఒక ఆదివారం నాన్నగారు మమ్మల్నందరినీ అంబాసిడర్లో కుక్కి, పులిహోర క్యారేజీతో తప్తపాణి తీసుకువెళ్ళేవారు.

ఆ కారు 1977 నాటి మార్క్ త్రీ. నాన్నగారి తరవాత నా చేతికి వచ్చింది. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుతున్నాను. ఈమధ్య మూడు నెలలుగా దానికో రోగం పట్టుకుంది. కార్బ్యురేటర్ పొంగి పెట్రోలు కారుతోంది. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోట్ చాంబర్ మీద రెండు దెబ్బలు వేస్తే ఆగుతుంది, వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు. విసుగెత్తి, ఈసారి గడువు తీరేలోగా అమ్మేద్దామని ఇంట్లో తీర్మానించాం. అమ్మ ఒక్కటే కోరింది: "అమ్మే ముందు నన్నోసారి తప్తపాణి తీసుకెళ్ళరా."

2025 డిసెంబరులో ఒక ఆదివారం అమ్మ, శ్రీమతి, నేను బయలుదేరాం. దిగపహండి దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుండగా ఇంజను తడబడి, వెనక నల్లపొగ వదిలి ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. ఈ ఇంజనులో కార్బ్యురేటర్, పొగ పోయే గొట్టాలు ఒకే వైపున ఉంటాయి. కాలుతున్న ఇనుము మీద పెట్రోలు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముందు అమ్మను దింపి దూరంగా చెట్టు నీడన కూర్చోబెట్టాం. తరవాత బ్యాటరీ వైరు విప్పాను. ఇంతలో సాయం చేద్దామని వచ్చిన ఒక పెద్దాయన నోట్లో వెలిగించిన బీడీ చూసి నా గుండె ఆగినంత పనైంది. నా కేకకు ఆయన అక్కడే ఆగి, బీడీ నేలకేసి ఆర్పాడు.

ఇంజను చల్లారాక అలవాటు చొప్పున స్క్రూడ్రైవర్ తిరగేశాను. అమ్మ చెట్టు కిందినుంచే అంది: "మీ నాన్న కొట్టేవారు కాదురా. మూత విప్పేవారు."

సరే, విప్పాను. మా కారుకున్నది ఎస్.యు. కార్బ్యురేటర్. మూడు స్క్రూలు తీస్తే మూతతోబాటు దానికి వేలాడే ఫ్లోట్ కూడా బయటికి వస్తుంది. ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో బంతి చేసే పనే ఇక్కడ ఫ్లోట్ చేస్తుంది. పెట్రోలు నిండగానే పైకి తేలి, ఒక చిన్న సూదిని రంధ్రంలోకి నొక్కి, దారి మూసేస్తుంది. ఆ సూది సరిగా కూర్చోకపోతే పంపు పంపే పెట్రోలంతా పొంగి బయటికి వస్తుంది. ఫ్లోట్‌కు చిల్లి పడిందేమోనని చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను. చప్పుడు లేదు. సూది మొన మీద అరుగుదల గీత లేదు. రంధ్రంలో మాత్రం ఆవగింజలో సగమైనా లేని నల్లటి ముక్క ఇరుక్కుని ఉంది. వేళ్ళతో నలిపితే సాగింది. రబ్బరు!

అది ఎక్కడిది? పంపు నుంచి కార్బ్యురేటర్‌కు వచ్చే పాత గొట్టం కొస విప్పి లోపల వేలు పెడితే మసి అంటింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. లోపల మెత్తబడి పొరలు రాలుతుంది. మా ఫిల్టరేమో పంపుకు ముందుంది. దాని తరవాత రాలిన ముక్కను ఆపేదెవరు?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లెడ్జర్లు చేత్తో రాసేవాళ్ళం. సాయంత్రానికి లెక్క కుదరకపోతే తేడాను సస్పెన్స్ ఖాతాకు వేసి ఇంటికి పోవచ్చు. అయితే అసలు వోచరు దొరికేదాకా ఆ తేడా పోదు. మూడు నెలలుగా నేను స్క్రూడ్రైవర్ పిడితో చేసింది అదే.

ముక్క తీసి, అన్నీ బిగించాను. అప్పటికే సిలిండర్లలో పెట్రోలు నిండి ఉంది కనుక చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పాను. రెండుసార్లు దగ్గి, నల్లపొగ ఊది, మూడోసారి అందుకుంది. కాసేపు నడవనిచ్చి, చుక్క కారడం లేదని చూసుకున్నాకే అమ్మను ఎక్కించుకున్నాం.

తప్తపాణిలో అమ్మ దేవికి దండం పెట్టుకుని, వేడినీళ్ళలో కాళ్ళు కడుక్కుంది. పులిహోర అక్కడే తిన్నాం. దిగేటప్పుడు బండి పేచీ పెట్టలేదు.

మర్నాడు మెకానిక్ చేత ఇథనాల్‌కు తట్టుకునే గొట్టం వేయించి, కార్బ్యురేటర్‌కు ముందు మరో ఫిల్టరు పెట్టించాను. ఫ్లోట్ ఎత్తు కూడా సరిచూశాడు. బిల్లు వెయ్యి రూపాయలు దాటలేదు. అది చూసి అమ్మ నవ్వింది: "గొట్టం మార్చాల్సింది పోయి కారే మార్చేద్దామన్నావు కదరా!"

రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్ళకు పొడిగించమని దరఖాస్తు పెట్టాను.