రెండు నిమిషాల విమానం

స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ ఒకటే ప్రశ్న: "అక్కడేముందట?" ప్రపంచంలోకెల్లా అతి చిన్న విమాన ప్రయాణం ఉంది. వెస్ట్రే దీవి నుంచి పాపా వెస్ట్రే దీవికి 2.7 కిలోమీటర్లు. మన శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు! టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలని రాస్తారు. గాలి కలిసొస్తే అంత కూడా పట్టదు, రికార్డు 53 సెకన్లు.

ముందు కిర్క్‌వాల్ నుంచి వెస్ట్రేకి పావుగంట. దిగి చూస్తే ఎటు తిరిగినా పచ్చిక, ఆవులు, రాతి గోడలు, ఆ వెనక సముద్రం. మనవైపైతే ఏ తాడిచెట్టునో, రావిచెట్టునో గుర్తు పెట్టుకుని దారి పోల్చుకుంటాం. ఇక్కడ చెట్టనేదే అరుదు. పియరోవాల్ ఊళ్లో తాజా పీత మాంసం, బేర్ అనే పాతకాలపు బార్లీ పిండితో కాల్చిన మందపాటి రొట్టె తిన్నాను. రొట్టె ముదురు రంగులో, కొంచెం మట్టివాసనతో ఉంటుంది. రెండో ముక్కకి నచ్చేసింది.

మర్నాడు విమానాశ్రయం వెతుక్కుంటూ నడిచాను. గన్నవరం లాంటిదేదో కనిపిస్తుందని కళ్లు చూస్తూనే ఉన్నాయి. ట్రాక్టర్ మీద వస్తున్న పెద్దాయన్ని అడిగితే, "అదేగా!" అన్నాడు. గడ్డిలో చిన్న షెడ్డు, గాలివాలు చూపే గుడ్డ గొట్టం. అంతే.

ఐలాండర్ విమానంలో ప్రయాణికులు ఎనిమిది మందే. బరువు సరిపోయేలా ఎవరెక్కడ కూర్చోవాలో విమానం సిబ్బందే చెబుతారు. నాకు పైలట్ పక్క సీటు, అచ్చం షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇరుక్కున్నట్టే. కంకర మీద పరుగెత్తి లేచాం. కింద ఆకుపచ్చ నీళ్లు, ఎదురుగా అవతలి రన్‌వే. ఫోన్ బయటికి తీసేలోపే చక్రాలు నేలకి తగిలాయి. వెనక కూర్చున్న టీచరమ్మ కిటికీ వైపు కూడా చూడలేదు, కాగితాలు దిద్దుకుంటోంది. 1967 నుంచి నడుస్తున్న సర్వీసు కదా, ఆవిడకిది ఊరి బస్సు. పడవ కూడా ఉంది, అరగంట లోపే.

పాపాలో జనం వందమంది కూడా లేరు. సహకార సంఘం కొట్టొకటి, పక్కనే బస. ఒడ్డున నాప్ ఆఫ్ హోవర్ అనే రెండు రాతి ఇళ్లున్నాయి, క్రీ.పూ. 3700 ప్రాంతం నాటివి. టిక్కెట్టు లేదు, కాపలా లేదు. పొలం గట్టు దాటుకుని వెళ్లి, నడుం వంచి లోపలికి దూరాను. మొహెంజొదారో కట్టకముందే ఇక్కడెవరో రాతి అరల్లో సామాను సర్దుకున్నారు! చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఉత్తరపు కొండ మీద మాత్రం కూర్చోనివ్వలేదు. గూళ్లు పెట్టుకున్న ఆర్కిటిక్ టెర్న్ పిట్టలు నెత్తి మీదకు దూకాయి. కర్ర పైకెత్తి పట్టుకుని నడవమని కొట్లో ఆమె ఎందుకు చెప్పిందో అప్పుడర్థమైంది.

మీరు వెళ్తే వేసవిలోనే వెళ్లండి, పాపాలో ఒక రాత్రి ఉండండి. సీట్లు తక్కువ గనక టిక్కెట్టు ముందే కొనుక్కోండి. పొగమంచు పట్టిందంటే ఆ రెండు నిమిషాల ప్రయాణానికి రోజంతా షెడ్డులో కూర్చోవలసి రావచ్చు. ఇంటికొచ్చే పెద్ద విమానానికీ దీనికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.