మత్తు ఇమ్మంటారా?

మన భాషలో ‘మత్తు’ అన్న మాట మీద మోయలేనంత బరువు పెట్టాం. కల్లు తాగితే వచ్చేదీ మత్తే, కడుపు కోసేముందు ఇచ్చేదీ మత్తే, పన్ను పీకేచోట చిగురు మొద్దుబారడానికి ఇచ్చేదీ మత్తే. పిలిస్తే పలికేంత మగత ఒకటి. ఒంటిమీద స్పృహే లేకపోవడం ఇంకొకటి. ఒక్కచోట మాత్రం తిమ్మిరెక్కడం మరొకటి. వాటికి వాడే మందులు వేరు, వాటిలో ప్రమాదాలు వేరు, ఆ సమయంలో పక్కన ఉండాల్సిన మనుషులు వేరు. నేను చూసిన సమ్మతి పత్రంలో మాత్రం ‘మత్తుమందు ఇచ్చుటకు నాకు సమ్మతమే’ అని ఒక్కటే వాక్యం ఉంది. ఏ మత్తుకు?

ఈ ప్రశ్న నాకు లంబసింగి అత్త వల్ల పట్టుకుంది. సొంత అత్త కాదు. చింతపల్లిలో నేను పాఠాలు చెప్పిన రోజుల్లో సంతకి మిరియాలూ పసుపూ తెచ్చేది, అలా వరస కలిసింది. రెండేళ్ళ క్రితం చలికాలంలో ఆమెకి దగ్గు పట్టుకుని వదల్లేదు. కళ్ళె పరీక్షలో క్షయ కనపడలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో ఒక భాగం ముడుచుకుపోయినట్టుంది. విశాఖలో ఒక ఆసుపత్రిలో బ్రాంకోస్కోపీ చెయ్యాలన్నారు. పెన్సిలు కంటే సన్నటి, వంగే గొట్టాన్ని ముక్కులోంచో నోట్లోంచో ఊపిరి గొట్టంలోకి దింపి, లోపల చూసి, అవసరమైతే కడిగిన నీళ్ళో చిన్న ముక్కో తీసే పరీక్ష. మనిషి మెలకువగా ఉండగానే చెయ్యొచ్చు. మత్తిచ్చీ చెయ్యొచ్చు. తోడుగా వెళ్ళడం నా వంతయింది.

వెళ్ళేముందు నాకు దొరికినంత చదివాను. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తావ్ కిలియన్ ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముకని తీశాడు. గొంతు మొద్దుబార్చడానికి వాడింది కొకైన్. అప్పటిది వంగని గొట్టం. 1960లలో జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా వంగే గొట్టాన్ని తెచ్చాకే ఈ పరీక్ష మామూలు విషయమైంది. కొకైన్ స్థానంలోకి లిగ్నోకైన్ వచ్చింది.

అదే ఫ్రైబుర్గ్‌లో, కిలియన్ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే, క్రోనిగ్, గౌస్ అనే ఇద్దరు వైద్యులు కాన్పు నొప్పులకి ‘సంధ్యా నిద్ర’ కనిపెట్టారు. మార్ఫిన్, స్కోపొలమిన్ కలిపి ఇచ్చేవారు. నొప్పి పూర్తిగా పోదు, జ్ఞాపకం పోతుంది. 1914లో అమెరికాలో స్త్రీలే ఇది కావాలని ఉద్యమం చేశారు. ఓటుహక్కు కోసం పోరాడుతున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. కళ్ళకి గంతలు, చెవుల్లో దూది, చుట్టూ మెత్తలు కట్టిన మంచం. ఆ గదిలో ఆమె కేకలు పెడుతూనే ఉండేది. లేచాక ‘నాకేమీ తెలియలేదు’ అనేది. ఆ స్త్రీలని తప్పు పట్టే హక్కు నాకు లేదు. నొప్పి స్త్రీ ధర్మమని బోధించిన శతాబ్దాల మీద తిరగబడ్డారు వాళ్ళు. కానీ గుర్తులేని నొప్పిని పడినట్టా, పడనట్టా అన్నది అక్కడే మిగిలిపోయింది.

ఇవాళ బ్రాంకోస్కోపీలో ఎక్కువగా వాడే మిడజోలామ్ ఆ ప్రశ్నని మళ్ళీ తెస్తుంది. భయం తగ్గిస్తుంది, మగత తెస్తుంది, ఆ కాసేపటి జ్ఞాపకాన్ని నిలవనివ్వదు. ఫెంటనిల్ తోడు చేస్తే దగ్గు తగ్గుతుంది. ఆ రెండూ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం పెరుగుతుంది. రెంటికీ విరుగుడు మందులున్నాయి. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫోల్ త్వరగా ఎక్కుతుంది, త్వరగా దిగుతుంది. దానికి విరుగుడు లేదు, మగతకీ స్పృహ తప్పడానికీ మధ్య గీత సన్నం, అందుకని మత్తు వైద్యులు పక్కనుండాలంటారు. డెక్స్‌మెడెటోమిడిన్ ఇస్తే మనిషి పిలిస్తే కళ్ళు తెరుస్తుంది, శ్వాస అంతగా కుంగదు. గుండె వేగం, రక్తపోటు పడిపోతాయేమో చూసుకోవాలి, ఎక్కడానికి సమయమూ పడుతుంది.

వీటిని పోల్చిన అధ్యయనాలు చాలానే ఉన్నాయి. దగ్గులు లెక్కపెడతారు, ఆక్సిజన్ ఎంత పడిందో చూస్తారు, ఎన్ని నిమిషాలకి తేరుకున్నారో రాస్తారు. చివర్లో ‘మళ్ళీ అవసరమైతే ఈ పరీక్షకి వస్తారా?’ అని అడుగుతారు. నాకు ఈ ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోవాలనిపించింది. మిడజోలామ్ తీసుకున్న మనిషి ‘వస్తాను’ అంటే, దేనికి వస్తానంటోంది?

బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2013లో, ఇవ్వకూడని కారణం లేకపోతే ప్రతి రోగికీ మత్తు ఇస్తామని చెప్పాలంది. మన దేశంలో దారి కొంత వేరు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం పేరులోనే ‘మత్తు లేని బ్రాంకోస్కోపీ’ అని ఉంది. లిగ్నోకైన్‌ని ముందుగా ఆవిరిలా పీల్పిస్తే అదనంగా మేలుందా అని చూశారు, లేదని తేలింది. గొంతుని ఎంత బాగా మొద్దుబార్చాలన్నదాని మీద మనవాళ్ళు శ్రద్ధగా పనిచేశారు, అది చిన్న విషయం కాదు. మెలకువగా చెయ్యడం సురక్షితమే. అయితే మత్తిస్తే పడక కావాలి, కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి, ఇంటిదాకా తోడు కావాలి. ఇవి లేనిచోట ‘మీకు అక్కర్లేదు’ అన్న మాట వైద్యం నుంచి వస్తోందో, లేమి నుంచి వస్తోందో రోగికి తెలిసేదెలా?

లంబసింగి నుంచి చూస్తే ఇది ఇంకా సూటిగా తెలుస్తుంది. నర్సీపట్నానికి ఘాటీ దిగాలి, అక్కణ్ణుంచి విశాఖ. మొత్తం వంద కిలోమీటర్ల పైమాటే. పరీక్షకి ఆరు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు. కొర్రబయలు అని ఆ ఊరికి ఇంకో పేరు, ఆరుబయట పడుకుంటే కొయ్యబారిపోతారని. అలాంటి చలిలో వేడిగా ఏమీ కడుపులో పడకుండా బయల్దేరాలి. మత్తు తీసుకుంటే ఆ రోజు ఒంటరిగా తిరగకూడదు, రాత్రి విశాఖలో ఉండిపోవాలి. ఎవరింట్లో?

మేం వెళ్ళిన చోట పరీక్ష చేసేది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. ఆమె అడిగింది: “మత్తు ఇమ్మంటారా, మెలకువగా చేయించుకుంటారా?” అడిగినందుకే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. పక్కనున్న ఒకాయన “కొండమనుషులండీ, ఓర్చుకుంటారు” అన్నాడు, మెచ్చుకోలుగానే. ఆ మెచ్చుకోలు మనకి తెలియనిది కాదు. ఎవరి నొప్పికి మందు దండగో వాళ్ళకే ఓర్పు అనే బిరుదు దక్కుతుంది.

అత్త మాత్రం మొదట నవ్వింది. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో బస్సులు ఆపి సంచులు తడిమే దారిలో వచ్చాం మేం. “మత్తు వద్దని పోలీసోలు, ఇత్తామని మీరూనా!” అంది. తర్వాత నవ్వు ఆపి నాకేసి తిరిగింది.

“వద్దు పంతులమ్మా. నిద్దరోయాక ఏటి సేసారో నాకేటి తెలుస్తాది?”

ధైర్యం చెప్పబోయాను. వినలేదు. పాతికేళ్ళ వయసులో జరిగిన పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి చెప్పింది. జీపులో తీసుకెళ్ళారు. సూది వేశారు. సగం తెలుస్తోంది, నోరు తిరగలేదు. కింద దుప్పట్ల మీద వరసగా ఆడవాళ్ళు. ఎవరో ఆమె కోక సర్దకుండానే వెళ్ళిపోయారు. ఆమెకి గుర్తున్నది కత్తి కాదు, ఆ కోక. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో ఒక్క రోజులో 83 మందికి ఆ ఆపరేషన్లు చేశాక 13 మంది స్త్రీలు చనిపోయినప్పుడు మనం వ్యాసాలు రాశాం, సభలు పెట్టాం. బతికి ఇంటికొచ్చినవాళ్ళ ఒంట్లో మిగిలిన మగత గురించి నేనెక్కడా చదవలేదు.

ఆమె వద్దన్నది ఆ మగతని. డాక్టరమ్మకి అది అర్థమయ్యింది. చెయ్యబోయే ప్రతి పనీ ముందుగా చెప్పింది: స్ప్రే చేదుగా ఉంటుంది, గొంతు మూసుకుపోయినట్టనిపిస్తుంది కానీ ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మింగబోవద్దు, ఆపమనాలంటే ఎడమ చెయ్యెత్తు. రెండుసార్లు చెయ్యెత్తింది అత్త. రెండుసార్లూ ఆగారు. దగ్గు భయంకరంగా వచ్చింది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న నాకు, నేనైతే మత్తే అడుగుతానని స్పష్టంగా అనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

అయ్యాక తెర మీద నిలిపిన బొమ్మ చూపించింది డాక్టరమ్మ. గులాబిరంగు గోడ మీద నల్లటి మచ్చలు, ఒకచోట దారి సన్నబడిపోయి ఉంది. కట్టెలపొయ్యి ముందు దశాబ్దాలు గడిపిన స్త్రీలలో ఇలా కనిపిస్తుందట. అత్త తెరకి దగ్గరగా జరిగి చూసింది. మగతలో ఉండి ఉంటే ఆ మాటలు విని సాయంత్రానికి మరిచిపోయేదేమో.

“మా పొయ్యిగోడే ఇది,” అంది, బొంగురు గొంతుతో.

కడిగిన నీళ్ళలో క్షయ లేదు, ముక్కలో కేన్సర్ లేదు. పీల్చే మందులు రాసిచ్చి, అడ్డపొగ మానమన్నారు, పొగకి దూరంగా ఉండమన్నారు. చుట్ట మానింది. పొయ్యి మానలేదు. లంబసింగిలో పొయ్యి వంటకే కాదు, రాత్రి చలికి కూడా, గ్యాసు బండ ఆ పని చెయ్యదు. పైకప్పు పక్కన పొగ పోవడానికి రెండు పెంకులు తీయించింది. మంచు కూడా అందులోంచే దిగుతోందని కోడలి ఫిర్యాదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, వాళ్ళ వీధిలో ఇంకొకామెకి ఇదే పరీక్ష చెప్పారని తెలిసింది. అత్త ఆమెని పొయ్యి దగ్గర కూచోబెట్టుకుని అన్నీ చెబుతోంది. చేదు, ఎడమ చెయ్యి, మింగకపోవడం, రెండు గంటలు నీళ్ళు తాగకపోవడం. ఆవిడ వణికిపోతూ, తనకి నిద్రపుచ్చే సూదే కావాలంది.

“అడుగు మరి. నాను పక్కన కూకుంటాను, నీ కోక సూసుకుంటాను,” అంది అత్త.