పాడుబడిన కోట కాదు... పాడుచేసిన కోట!

ఇంగ్లండ్‌లో కోటలకు కొదవ లేదు. చాలా కోటల్లో రాజుల పటాలు, తివాచీలు, మంచాలు, కుర్చీలు అన్నీ నీట్‌గా సర్ది ఉంటాయి. కార్ఫ్ కాజిల్‌లో అవేవీ లేవు. పైకప్పు లేదు, తలుపు లేదు. నిటారుగా నిలబడ్డ గోడలే తక్కువ. ఒకటి ముందుకు ఒరిగింది, ఇంకోటి వెనక్కి వాలింది, మరోటి కొండ మీంచి జారి మధ్యలో ఆగిపోయింది. అయినా దక్షిణ ఇంగ్లండ్‌లో ఎక్కువమంది ఫొటోలు తీసే శిథిలాల్లో ఇదొకటి. ఇన్‌స్టాలో మీరూ చూసే ఉంటారు. కింద లోయంతా తెల్లటి పొగమంచు, దానిపైన తేలుతున్నట్టుగా విరిగిన గోడలు. ఆ ఫొటో ఇక్కడిదే.

డోర్సెట్ కౌంటీలో సముద్రతీరానికి దగ్గరగా ఉంటుంది ఈ ఊరు. కోట పేరూ కార్ఫ్ కాజిలే, ఊరి పేరూ కార్ఫ్ కాజిలే. జనాభా పదిహేను వందల లోపే. బస్సు దిగగానే బూడిద రంగు రాతి ఇళ్లు, రాతి పలకల పైకప్పులు, వాటి వెనకాల తలెత్తితే కోట.

మా రూమ్మేట్ చూడగానే తేల్చేశాడు. ‘తొమ్మిది వందల ఏళ్ల కోట కదరా, పడిపోదా మరి!’

గేటు దగ్గర టికెట్లు చూస్తున్న పెద్దావిడ ఓ వాలంటీర్. మేం ఏ భాషలో మాట్లాడుకున్నా, ఆ మొహం చూసి విషయం అర్థమైనట్టుంది. ‘అందరూ ముసలిదై పడిపోయిందనుకుంటారు. కాలం చేసింది తక్కువేనండీ. ఇది పార్లమెంటు చేసిన పని’ అంది నవ్వుతూ.

ఆ ఒక్కమాటతో మేం చూసే పద్ధతే మారిపోయింది.

కొండకు పడ్డ కోత

పర్బెక్ కొండలు ఇక్కడ తూర్పు నుంచి పడమరకు పొడుగ్గా గోడ కట్టినట్టు ఉంటాయి. ఆ గోడకు ఒకచోట గండి పడింది. రెండు చిన్న వాగులు కొండను కోసుకుంటూ వెళ్లి, మధ్యలో ఒక గుట్టను మాత్రం విడిగా వదిలేశాయి. పాత ఇంగ్లిష్‌లో కోయడం, చెక్కడం అనే అర్థమున్న మాట నుంచే ‘కార్ఫ్’ అనే పేరు వచ్చింది. కోత అన్నమాట.

సముద్రం వైపు నుంచి లోపలికి రావాలంటే ఈ గండే దగ్గరి దారి. దాని మధ్యలో 55 మీటర్ల ఎత్తు గుట్ట. కోట కట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఎవరికి కనిపిస్తుంది?

అసలు కోట లేనప్పుడే ఇక్కడ రక్తం పారింది. 978లో ఎడ్వర్డ్ అనే రాజు ఇక్కడికి వచ్చి హత్యకు గురయ్యాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు ఉంటాయేమో. సవతి తల్లే చంపించిందని తర్వాతి కాలంలో కథలు పుట్టాయి. ఆమె కొడుకు ఎథెల్‌రెడ్ రాజయ్యాడు. చనిపోయిన కుర్రాడేమో జనం దృష్టిలో సెయింట్ అయ్యాడు. ఊళ్లో చర్చి ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది.

1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం ఇక్కడ కోట మొదలుపెట్టాడు. అప్పట్లో ఎక్కువ కోటలు మట్టిదిబ్బ మీద కలపతో కట్టేవాళ్లు. కార్ఫ్‌లో మొదట్నుంచే రాయి వాడారు. పడమటి వైపు పాత గోడ ఒకటి ఉంటుంది, దాన్ని దగ్గరికెళ్లి చూడండి. రాళ్లను చేప ముల్లులా ఏటవాలుగా పేర్చారు. ఆ తొలి కాలపు పనితనం అది. ఆ తర్వాత హెన్రీ-1 గుట్ట నెత్తిన 21 మీటర్ల ప్రధాన బురుజు కట్టించాడు. ఇప్పుడు ఫొటోల్లో కనపడే ఎత్తయిన ముక్క దానిదే.

జాన్ రాజు 1200ల మొదట్లో దీన్ని తనకిష్టమైన మకాంగా చేసుకున్నాడు. పైన అందమైన నివాసం కట్టించుకున్నాడు. అదే కోటలో జైలూ నడిపాడు. సింహాసనం మీద తనకు పోటీ వస్తుందని అన్న కూతురు ఎలినార్‌ని ఇక్కడ బందీగా ఉంచాడు. ఫ్రాన్స్ యుద్ధంలో పట్టుకొచ్చిన 22 మంది వీరులు ఇక్కడ తిండిలేక చనిపోయారని ఆ కాలంలో చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. విందులు, ఆకలిచావులు ఒకే ప్రాకారం లోపల!

దొరసాని నిలబడింది

కోట అసలు కథ మాత్రం 1600ల్లోది. అప్పటికి దీన్ని రాజకుటుంబం అమ్మేసింది. 1572లో ఎలిజబెత్-1 రాణి తన కొలువులోని క్రిస్టఫర్ హ్యాటన్‌కి అమ్మింది. 1635లో జాన్ బ్యాంక్స్ అనే పెద్ద లాయరు కొన్నాడు. ఆయన చార్లెస్-1 రాజుకి అటార్నీ జనరల్.

1642లో రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. జాన్ బ్యాంక్స్ రాజు పక్కన ఉండిపోయాడు. కోటలో ఉన్నది ఆయన భార్య మేరీ, పిల్లలు, పనిమనుషులు. చుట్టుపక్కల ప్రాంతమంతా పార్లమెంటు చేతిలోకి వెళ్లిపోయింది. ఈ ఒక్క కోట మిగిలింది.

1643 మే నెలలో కోటలోని చిన్న ఫిరంగులు అప్పగించమని నావికుల దళం ఒకటి వచ్చింది. అప్పుడు మేరీ దగ్గర ఉన్న మగవాళ్లు ఐదుగురే. పనమ్మాయిల సాయంతో ఫిరంగి ఎక్కించి ఒక గుండు పేల్చింది. వచ్చినవాళ్లు పారిపోయారు. తర్వాత మళ్లీ ఒత్తిడి పెరిగింది. అప్పుడు ఆ ఫిరంగులు ఇచ్చేసి, ‘ఇక నా దగ్గరేముంది’ అన్నట్టు కూర్చుంది. వాళ్లు నమ్మి కాస్త ఏమరగానే తిండిగింజలు, మందుగుండు, సైనికుల్ని లోపలికి తెప్పించుకుంది.

జూన్‌లో అసలు ముట్టడి మొదలైంది. బయట ఐదారు వందల మంది, లోపల ఎనభై మంది. బయటివాళ్లు చక్రాల మీద నడిచే చెక్క గూడు తయారుచేశారు. దాని చాటున గోడ దాకా వెళ్లాలని ప్లాను. ఆ గూడుకి ‘పంది’ అని పేరు. గూడు పైభాగం బాగానే కాపాడింది కానీ, లోపల నడిచేవాళ్ల కాళ్లు మాత్రం బయటికి కనిపించాయి. కోటలోవాళ్లు కాళ్లకు గురిపెట్టారు. పంది కథ కంచికి!

చివరిరోజు నిచ్చెనలు వేసుకుని ఎక్కబోయారు. పై భాగాన్ని కాపాడింది మేరీ, ఆమె కూతుళ్లు, పనమ్మాయిలు, ఐదుగురు సైనికులు. రాళ్లు దొర్లించారు, నిప్పులు కుమ్మరించారు. ఆరు వారాల తర్వాత ముట్టడి ఎత్తేశారు. బయట దాదాపు వంద మంది పోయారు. లోపల ఇద్దరు.

1644 చివర్లో జాన్ బ్యాంక్స్ చనిపోయాడు. మేరీ లొంగలేదు. రెండో ముట్టడి వచ్చింది. 1646 ఫిబ్రవరిలో కోట పడింది. ఫిరంగులకు కాదు, సొంత మనిషికే. కల్నల్ పిట్‌మన్ అనే అధికారి ‘సాయానికి సేనను తెస్తా’ అని వెళ్లి, వేషం మార్చిన పార్లమెంటు సైనికుల్ని లోపలికి తీసుకొచ్చాడు. లోపలివాళ్లే తలుపు తీశారు.

సెక్యూరిటీ ట్రైనింగ్‌లో మాకు పదేపదే చెప్పే పాఠం ఇదే. గోడ ఎంత గట్టిదైనా, లోపలి లాగిన్ ఒకటి చాలు.

కూల్చమని ఓటేశారు

అదే ఏడాది మార్చిలో పార్లమెంటు ఓటింగ్ పెట్టి తీర్మానం చేసింది, కోటను పనికిరాకుండా చెయ్యాలని. మిలిటరీ భాషలో ఈ పనిని ‘స్లైటింగ్’ అంటారు. మనకు ‘స్లైట్’ అంటే కొంచెం. ఇక్కడ మాత్రం నేలమట్టం చేయడం. కోపంతో తగలబెట్టడం కాదిది. రేపు మళ్లీ ఎవరూ ఇందులో దాక్కుని యుద్ధం చేయకుండా ముందుజాగ్రత్తగా, పద్ధతిగా చేసిన పని.

గోడల కింద గోతులు తవ్వి, మందుగుండు నింపి పేల్చారు. ఎంత గట్టి కట్టడమంటే, నెలల తరబడి పేల్చినా పూర్తిగా నేలమట్టం కాలేదు. ఆ సగంలో ఆగిన పనే ఇప్పుడు మనం చూస్తున్న కోట.

పైకి వెళ్లే దారిలో రెండో ద్వారం దగ్గర ఆగండి. రెండు బురుజుల మధ్య కమాను. అందులో ఒక సగం తన చోటే ఉంది. రెండో సగం పేలుడుకి ముక్కలవకుండా, ఉన్నదున్నట్టు నిలువునా కిందికి జారిపోయింది. కమాను రెండు చివర్లు ఇప్పుడు కలవవు. ఇనుప జాలీ తలుపు దిగే గాడి కూడా ఒకవైపు పైన, ఒకవైపు కింద. నాకు ఆ కోట మొత్తంలో అన్నింటికంటే నచ్చింది ఇదే. కట్టినవాళ్ల గట్టితనం, కూల్చినవాళ్ల పట్టుదల రెండూ అక్కడ ఒకే రాతిలో కనిపిస్తాయి.

రాళ్లు ఎటు పోయాయి?

కూలిన రాయి ఊరికే పోలేదు. ఊళ్లోవాళ్లు ఇళ్లకు వాడుకున్నారు. అందుకే ఊరి వీధుల్లో నడుస్తుంటే గోడలు చూసుకుంటూ నడవండి. మామూలు పెంకుటింటంత ఇంటికి, దొర బంగళాకి వేసేంత బాగా చెక్కిన రాయి కనిపిస్తే, అది పైనుంచి దిగొచ్చిందేమో అనిపిస్తుంది. యుద్ధంలో ఆ ఊరు ఏం పోగొట్టుకుందో లెక్కలేదు. దక్కింది మాత్రం ఈ రాళ్లు.

మేరీకి ఏం దక్కింది? కోట తాళాలు. ఆమె ధైర్యానికి గౌరవంగా వాటిని ఉంచుకోనిచ్చారని చెబుతారు. 1660లో మళ్లీ రాజరికం వచ్చి, ఆస్తి కుటుంబానికి తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే మేరీ చనిపోయింది. కొడుకు రాల్ఫ్ కోటను మళ్లీ కట్టలేదు. ఇదే కౌంటీలోని వింబోర్న్ దగ్గర కింగ్‌స్టన్ లేసీ అనే బంగళా కట్టుకున్నాడు. ఆ తాళాలు ఇప్పటికీ ఆ బంగళా లైబ్రరీలో గోడకు వేలాడుతున్నాయి. తాళాలు భద్రంగానే ఉన్నాయి, తలుపులే లేవు.

మళ్లీ కట్టొచ్చుగా?

ఈ ప్రశ్న నాకూ వచ్చింది. డబ్బుంది, ఇంజినీర్లున్నారు, పాత ప్లాను తెలుసు. పైగా ఊళ్లోనే ఇరవయ్యో వంతు సైజులో ఒక నమూనా ఉంది. 1646కి ముందు కోట, ఊరు ఎలా ఉండేవో చిన్న చిన్న రాళ్లతో కట్టి చూపించారు. దాని పక్కన నిలబడి తలెత్తితే అసలు కోట కూడా కనిపిస్తుంది. అప్పుడూ ఇప్పుడూ ఒకే ఫ్రేములో.

కోట కింద నుంచి వెళ్లే రైలు కథ చూస్తే ప్రశ్న ఇంకా బలపడుతుంది. 1885లో వేసిన స్వానేజ్ లైను ఇది. లాభం లేదని 1972లో మూసేసి పట్టాలు పీకేశారు. స్థానికులు, రైలు పిచ్చి ఉన్న వాలంటీర్లు పట్టుబట్టి ఏళ్ల తరబడి పట్టాలు మళ్లీ పరిచారు. 1995లో రైలు మళ్లీ కార్ఫ్‌కి వచ్చింది. ఇప్పుడు ఆవిరి ఇంజను కూత పెడుతూ కోట కింద నుంచి పోతుంటే పిల్లలూ పెద్దలూ ఫోన్లు తీస్తారు.

అంటే పీకేసినదాన్ని తిరిగి పెట్టడం ఈ ఊరికి తెలుసు. కోటను మాత్రం అలాగే ఉంచారు. 1982 నుంచి ఇది నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. వాళ్లు చేసేదల్లా ఒరిగిన గోడ ఇంకా ఒరగకుండా, రాళ్ల సందుల్లో మొలిచిన మొక్కలు తీసేసి, సున్నం పూసి కాపాడటం. వాలిన గోడను నిటారు చెయ్యరు. జారిన బురుజును పైకి ఎక్కించరు.

ఆలోచిస్తే అదే కరెక్ట్ అనిపించింది. రైలు జనానికి అవసరం, కాబట్టి తిరిగొచ్చింది. కోట అవసరం తీరిపోయింది. దాన్ని కొత్తగా కడితే ఇంకో అందమైన కోట వస్తుంది, కానీ ఒకే దేశం జనం రెండుగా చీలి కొట్టుకున్నారన్న సాక్ష్యం పోతుంది. గెలిచినవాళ్లు ఏం చేశారో, ఓడినవాళ్లు ఎంత నిలబడ్డారో చెప్పడానికి ఆ విరిగిన కమాను చాలు. బోర్డు కూడా అక్కర్లేదు.

వెళ్లాలంటే...

* లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి వేర్‌హామ్‌కి నేరుగా రైలుంది. రెండున్నర గంటలలోపే. అక్కడి నుంచి 40 నంబరు బస్సు. దూరం ఏడు కిలోమీటర్లు.
* కార్లో వెళితే ఊరి బయట నార్డెన్‌లో పార్క్ చేసి, ఆవిరి రైల్లో ఒక్క స్టాపు రండి. అన్ని రోజులూ నడవదు, టైమ్‌టేబుల్ చూసుకోండి.
* నేషనల్ ట్రస్ట్ మెంబర్లకు ప్రవేశం ఉచితం. మిగతావాళ్లు టికెట్ కొనాలి.
* దారి నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. వానకు గడ్డి జారుతుంది. మంచి బూట్లు తప్పనిసరి. పైన గాలి మామూలుగా ఉండదు, జాకెట్ మర్చిపోవద్దు.
* పొగమంచు ఫొటో కావాలంటే కోటలోంచి రాదు. శరదృతువులో తెల్లవారకముందే ఎదురుగా ఉన్న వెస్ట్ హిల్ ఎక్కాలి.
* సాయంత్రం మిగిలితే అదే రైల్లో స్వానేజ్ బీచ్‌కి పోవచ్చు. ఇంకో రోజుంటే కింగ్‌స్టన్ లేసీకి వెళ్లి మేరీ తాళాలు చూడండి.

పైకి ఎక్కేయాలన్న తొందర వద్దు. అందరూ సెల్ఫీ కోసం నేరుగా నెత్తిమీదికి పోతారు. మీరు మాత్రం రెండో ద్వారం దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. కలవని ఆ రెండు చివర్లూ చూశాకే పైకి వెళ్లండి. పైనున్న ప్రతి గోడా ఎటు ఒరిగిందో, ఎందుకు ఒరిగిందో మీకే తెలుస్తుంది.