కుప్పంలో ఉయ్యాల పాఠం

లోలకం సూత్రాన్ని ఇంటర్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వారం వారం పరీక్షల్లో రాశాను, ఎంట్రన్సులో రాశాను. ఎక్కడా మార్కు పోలేదు. కానీ ఒక దారానికి రాయి కట్టి, ఊపి చూసింది మాత్రం ఇంజినీరింగ్‌లో చేరాకే. అదీ కుప్పంలో!

సెమిస్టర్ సెలవుల్లో రెండు వారాల ఇంటర్న్‌షిప్‌కి అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌ను ఎంచుకున్నాను. ‘పిల్లలకు సైన్సు బొమ్మలు చూపించడానికి అంతదూరం వెళ్లాలా?’ అన్నారు నాన్న. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల వెంట పడుతుంటే నాకూ లోపల బెరుగ్గానే ఉంది.

చిత్తూరు జిల్లాకు చివరన, బెంగళూరు-చెన్నై రైలు మార్గంలో ఉంటుంది కుప్పం. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. స్టేషన్ బయట టీకొట్టు దగ్గర నిలబడితే పది నిమిషాల్లో మూడు భాషలూ వినపడతాయి. అక్కడి నుంచి గుడివంక వైపు ఆటోలో బయల్దేరితే దారికి అటూ ఇటూ రాతిగుట్టలు, రాగి చేలు, మల్బరీ తోటలు.

విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ మరికొందరితో కలిసి 1999లో అగస్త్యను ప్రారంభించారు. ఇక్కడి ప్రాంగణం 172 ఎకరాలు. ఒకప్పుడు బోడిగా ఉన్న గుట్టల నేల ఇది. ఇప్పుడు లోపలికి అడుగుపెడితే చెట్ల నీడ, పిట్టల అరుపులు. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలు బస్సుల్లో వస్తారు. ప్రయోగశాలలు, రామానుజన్ పేరుతో ఉన్న గణిత పార్కు చూస్తారు. రాలేని పిల్లల దగ్గరికి సామాను నింపుకొని వ్యాన్లే వెళ్తాయి. బైకు వెనక పెట్టె కట్టుకుని వెళ్లే ‘ల్యాబ్’ కూడా ఉంది.

మొదటిరోజు నాకు లోలకం బల్ల అప్పగించారు. పిల్లలు రాగానే గడగడా చెప్పేశాను. ‘బరువు ఎక్కువైనా తక్కువైనా ఊగే సమయం మారదు. దారం పొడవును బట్టే మారుతుంది’ అని. తర్వాత ఊపి చూపించాను. ఒక్కరి ముఖంలోనూ కదలిక లేదు. ఇద్దరు పక్క బల్ల మీదున్న అద్దాల వైపు జారుకున్నారు. సాయంత్రం అక్కడి మాస్టారు ఒకటే మాటన్నారు: ‘జవాబు ముందే చెప్పేస్తే ఇక వాళ్లు చూడ్డానికేం మిగిలిందమ్మా?’

మూడోరోజు వ్యానులో ఓ పల్లెబడికి వెళ్లాం. ఈసారి నోరు కట్టేసుకున్నాను. ఒక దారానికి చిన్న గులకరాయి, అంతే పొడవున్న మరో దారానికి పెద్ద ఇనుప బోల్టు కట్టించి, ‘ఏది బిన్నా ఊగుతుంది?’ అని మాత్రం అడిగాను. ‘బిన్నా’ అంటే త్వరగా అని వచ్చిన రోజే నేర్చుకున్నాను లెండి. బోల్టేనని సగంమంది, రాయేనని సగంమంది పందేలు కాశారు. రెండూ కలిసే ఊగుతుంటే గది గదంతా గోల!

అప్పుడు వెనక వరసలోంచి ఎనిమిదో తరగతి అమ్మాయి లేచింది. ‘అక్కా, ఉయ్యాలమీద కూసుంటే ఒకతీరు, నిలబడుకుంటే ఒకతీరు ఊగతాది. ఉండేది అదే మనిషి, అదే తాడు గదా?’

నాకు ఠక్కున జవాబు తట్టలేదు. పుస్తకంలో లోలకం ఉంది కానీ, దాని మీద నిలబడే మనిషి లేడు. ‘తెలీదు, పద చూద్దాం’ అన్నాను. బడి వెనక చింతచెట్టుకు ఉయ్యాల ఉంది. ఆ అమ్మాయే ఎక్కింది. ఒకసారి తోసి వదిలేసి, కదలకుండా ఉండమని, పది ఊపులు లెక్కపెట్టాం. కూర్చుంటే 33 సెకన్లు. నిలబడితే 30. మళ్లీ మళ్లీ చూశాం, అంతే. నేలమీద కూర్చుని పుల్లతో బొమ్మ గీస్తుంటే నాకు వెలిగింది. నిలబడితే ఒంటి బరువంతా పైకి జరుగుతుంది. తాడు అంతే ఉన్నా, లోలకం పొడవు తగ్గినట్టే! మూడేళ్లుగా నాకు వచ్చనుకున్న పాఠం ఆ చింతచెట్టు కింద అర్థమైంది.

బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి దారం ముక్క ఒకటి అడిగి తీసుకుంది. ‘వచ్చే వారం రానక్కా. పురుగులు నాలుగో జ్వరం దాటినాయి’ అంది. నాలుగో జ్వరమంటే పట్టుపురుగు నాలుగోసారి పొర విడవడం. ఆ తర్వాత అవి రేయీపగలూ ఆకు తింటూనే ఉంటాయి. కోసి వేయడానికి ఇంట్లో ప్రతి చేయీ కావాలి. ‘పది దాకా చదివిస్తామన్నారు మానాయన. ఆమీద చూడాల’ అని కూడా అంది, మామూలుగా.

చివరి వారం మళ్లీ అదే బడికి వెళ్లాం. అన్నట్టే ఆ అమ్మాయి రాలేదు. స్నేహితురాలితో నోటుబుక్కు కాగితం పంపింది. షెడ్డులో దూలానికి దారం కట్టి, ఫోనులో టైము చూసుకుంటూ పదేసి ఊపులు లెక్కపెట్టిందట. స్కేలు లేక జానలతో కొలిచింది. ఒక జానకు 9 సెకన్లు. రెండు జానలకు 13. నాలుగు జానలకు 18. కింద ఒక వాక్యం: ‘పొడవు నాలుగింతలు పెంచితే టైము రెండింతలే పెరిగింది. ఎందుకక్కా?’

నేను వందసార్లు రాసిన సూత్రంలోని వర్గమూలం అది. ఒక ఇంటి షెడ్డులో, ఆకు వేసే పనుల మధ్య ఓ పిల్ల దాని అంచుదాకా వచ్చేసింది.

తిరుగు రైల్లో జవాబు రాయడానికి కూర్చున్నాను. సూత్రం రాసి కొట్టేశాను. ‘ఈసారి తొమ్మిది జానల దారం కట్టి చూడు. ఎన్ని సెకన్లు వస్తాయో ముందే ఊహించి రాసిపెట్టుకో’ అని రాసి బడి చిరునామాకు పోస్టు చేశాను. ఇంటికెళ్లాక నాన్న అడిగారు, ‘ఏం నేర్పించావమ్మా?’ అని. ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, ‘పది తర్వాత ఈ పిల్లను చదివిస్తారా?’ అన్నారు.

ఆ ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు.