కారైక్కుడి పాతసామాను వీధి

తిరుచిరాపల్లి నుండి పుదుక్కోట మీదుగా దక్షిణానికి సాగిన బాటసారికి చెట్టినాడులోని కారైక్కుడి ఎదురవుతుంది. వేలంపాటలకు ప్రాచీన వస్తువులను సేకరించే వర్తకులు ముందుగా మునీశ్వరన్ కోవెల వీధికే నడుస్తారు. బర్మాటేకు స్తంభాలు, ఎనామిల్ గిన్నెలు, రవివర్మ చిత్రాల అచ్చుప్రతులు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి.

వీటిలో పెక్కు నాట్టుకోట్టై చెట్టియార్ల భవంతులలోనివి. బర్మాలో వడ్డీవ్యాపారం చేసి గడించిన ధనంతో వారు ఆ మేడలు కట్టించారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ రాబడి అడుగంటింది. తరువాతి కాలంలో, మరమ్మతుల భారం మోయలేని ఉమ్మడి వారసులు కొందరు ఇళ్లను విప్పించి, తలుపులను, దూలాలను విడివిడిగా అమ్ముకున్నారు.

1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. దేశంలోపల చేతులు మారే తలుపుకు మాత్రం ధర పలుకుతూనే ఉంటుంది; అది తెరుచుకున్న ఇల్లు అప్పటికే నేలమట్టమై ఉంటుంది.