ఒంటి పట్టా బండి

ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంలో పిల్లలంతా టాయ్ ట్రైన్ వైపు పరిగెత్తుతుంటే నేను పటియాలా మోనోరైలు దగ్గరే ఆగిపోయాను. 1907 నాటి లైను. నేల మీద ఒకటే పట్టా, బండి బరువు దాదాపు అంతా దానిమీదే. పక్కన ఓ పెద్ద ఇనప చక్రం రోడ్డు మీద దొర్లుతూ బండి ఒరిగిపోకుండా కాసేది. మొదట్లో కంచరగాడిదలు లాగాయట, ఈ ఆవిరి ఇంజను తర్వాత జర్మనీ నుంచి వచ్చింది. ఎంత తెలివి!

అన్నట్టు, బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యారట్ ఇంజను కూడా అక్కడే ఉంది. మన వాల్తేరు దాకా బళ్లు నడిపిన కంపెనీ. ఒకే బాయిలరు, దానికి ముందూ వెనకా రెండు ఇంజన్లు! చుట్టూ తిరిగి చూడటానికే చాలాసేపు పట్టింది.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, సిమ్యులేటర్లో రైలు నడిపించొచ్చు. సోమవారం సెలవు.